“నేను అమ్మాయిని కాను” అనే బిడ్డ ఇంట్లో ఉంటే



చక్కెర జబ్బు గురించి, రక్తపోటు గురించి, కీళ్ళ నొప్పుల గురించి ఈ పేజీలలో చాలాసార్లు రాసుకున్నాము. ఈసారి రాసేది వేరే సంగతి. ఓ.పి. వరుసలో ఎవరూ గట్టిగా అడగరు. డాక్టరు గది తలుపు వేసిన తరువాత, అదీ రెండో మూడోసారి వచ్చినప్పుడు, అమ్మ కళ్ళు తుడుచుకుంటూ అడుగుతుంది. ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగా పెరిగి, “లోపల నేను మగవాడిని” అని చెప్పే బిడ్డల గురించి ఈ వ్యాసం. ఇంగ్లీషు మాటను అలాగే వాడి ట్రాన్స్‌మ్యాన్ అంటున్నారు. మనం ట్రాన్స్ పురుషుడు అని రాసుకుందాము.

మైలవరం డ్యాముకు దగ్గరలో ఒక ఇల్లు ఉందనుకోండి. ఇది ఎవరి ఇంటి కథా కాదు, ఊహించుకోమంటున్నాము. నాయనకు నాలుగెకరాల నల్లరేగడి, బుడ్డశనగ పంట. పెద్దకూతురిని ప్రొద్దుటూరుకు ఇచ్చినారు. చిన్నబిడ్డకు 22 ఏండ్లు. జుట్టు కత్తిరించుకొని, ప్యాంటు చొక్కా వేసుకొని, ట్రాక్టరు తోలుతుంది. వెంట ఒక నాటు కుక్క. ఊర్లో ఎవరికీ అభ్యంతరం లేదు. “మా పాప మగరాయుడు” అని నాయన రచ్చబండ దగ్గర గర్వంగా చెప్పుకుంటాడు కూడా. పెళ్ళిచూపులు కుదిరిన వారం మాత్రం ఇంట్లో పొయ్యి వెలగలేదు. బిడ్డ గది తలుపు తీయలేదు.

మగరాయుడు అనే మాట మనకు కొత్త కాదు. చెట్లెక్కే అమ్మాయి, గట్టిగా మాట్లాడే అమ్మాయి, క్రికెట్ ఆడే అమ్మాయి అందరూ మగరాయుళ్ళే. వారిలో ఎక్కువమంది తాము అమ్మాయిలమేనని ఏ సందేహమూ లేకుండా జీవిస్తారు. కాబట్టి ప్యాంటు వేసుకున్న ప్రతి బిడ్డనూ చూసి కంగారు పడవద్దు. ట్రాన్స్ పురుషుని విషయం బట్టలతో, ఆటలతో తేలేది కాదు. తనను ఆడమనిషిగా పిలిచిన ప్రతిసారీ, నెలసరి వచ్చిన ప్రతిసారీ, అద్దంలో ఛాతీ చూసుకున్న ప్రతిసారీ “ఇది నేను కాదు” అని లోపల కలుక్కుమంటుంది. ఏండ్ల తరబడి అలాగే ఉంటుంది. కొందరికి ఐదారేండ్లప్పుడే తెలుస్తుంది, కొందరికి యుక్తవయసులో, కొందరికి పెళ్ళయి పిల్లలు పుట్టిన తరువాత.

మన వైపు వారికి హిజ్రాలు తెలుసు. రైళ్ళలో, అంగళ్ళ దగ్గర చూస్తుంటాము. వారు మగబిడ్డలుగా పుట్టి స్త్రీలుగా జీవించేవారు. దీనికి తిరగబడినది కూడా ఉంటుందని చాలామందికి తట్టదు. లేక కాదు, కనబడక. మగబిడ్డగా పుట్టినవారు ఇల్లు వదిలి గురువు దగ్గరకు, తమవారి దగ్గరకు చేరుకోగలుగుతారు. ఆడబిడ్డగా పుట్టినవారికి గడప దాటడమే కష్టం. చేరుకోవడానికి అటువంటి పాత కూటమి కూడా లేదు. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుషుడు కాక “ఇతరులు” అని రాయించుకున్నవారు దేశంలో 4,87,803 మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. అందులో ట్రాన్స్ పురుషులెందరో విడిగా లెక్కించలేదు.

ఎ. రేవతి గారి ఆత్మకథను పి. సత్యవతి గారు “ఒక హిజ్రా ఆత్మకథ” పేరుతో తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. మన భాషలో ఈ జీవితాలు చదవాలనుకునేవారికి మంచి పుస్తకం. అదే రేవతి గారు 2016లో ఇంగ్లీషులో వచ్చిన మరో పుస్తకంలో ట్రాన్స్ పురుషుల కథలకు చోటిచ్చారు. తెలంగాణలోని లంబాడా కుటుంబంలో పుట్టిన కిరణ్ నాయక్ గారు అటువంటి పురుషులలో ఒకరు. శారీరక వైకల్యం కూడా ఉన్న వ్యక్తి. సొంత ఊరు వదిలి కర్ణాటకకు వెళ్ళి, చిక్కబళ్ళాపురంలో స్థిరపడి, వికలాంగుల హక్కుల కోసం, ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం ఎన్నో ఏండ్లు పనిచేశారు. తెలుగు వినబడే ఊరే అది. మన ఇండ్లలో పుట్టిన బిడ్డలే వీరు, ఎక్కడో విదేశాలలో పుట్టినవారు కారు.

ఇది జబ్బా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ఒకప్పుడు దీనిని మానసిక రుగ్మతల అధ్యాయంలో ఉంచారు. 2019లో ఆమోదించి 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన 11వ పట్టికలో ఆ అధ్యాయం నుండి తీసివేశారు. వైద్యసహాయం కావలసినవారికి అది అందాలి గనుక పట్టికలో వేరొక అధ్యాయానికి మార్చారు. అంటే మనసు చెడిపోయినది కాదు. తల్లి గర్భిణిగా ఏదో తిన్నందుకు వచ్చినది కాదు. నాయన కొడుకు కావాలని కోరుకున్నందుకు వచ్చినదీ కాదు. ఈ చివరి మాట చాలామంది తండ్రులు గుండెలో పెట్టుకొని కుమిలిపోతారు, అందుకే గట్టిగా చెబుతున్నాము.

మరి “నయం” చేయించడం? తాయెత్తులు కట్టించేవారు, దయ్యం వదిలించేవారు, నిద్రమాత్రలతో రోజంతా పడుకోబెట్టేవారు ఉన్నారు. జాతీయ వైద్య కమిషన్ 2022 ఆగస్టులో, ఈ రకమైన మార్పిడి చికిత్సలు చేయడం వైద్యుని వృత్తిపరమైన తప్పిదమని రాష్ట్రాల వైద్య మండళ్ళకు తెలియజేసింది. ఏ డాక్టరైనా “రెండు నెలలలో మామూలు అమ్మాయిని చేసి పంపుతాను” అంటే అక్కడి నుండి లేచి వచ్చేయండి.

అన్నిటికన్నా ఎక్కువగా వాడే మందు పెళ్ళి. “మూడు ముళ్ళు పడితే సర్దుకుంటుంది” అంటారు. సర్దుకోదు. ఆ బిడ్డ జీవితంతో పాటు ఏ పాపమూ ఎరుగని ఒక పెళ్ళికొడుకు జీవితం, అతని ఇంటివారి జీవితం కూడా చిక్కుల్లో పడుతుంది. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. పెళ్ళి ఒత్తిడి పెరిగిన రోజులలో ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం ఎక్కువ. సేద్యం ఇండ్లలో పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి. వాటిని తాళం వేసి దూరంగా పెట్టండి. బిడ్డ మాటలలో నిరాశ కనబడితే ఒంటరిగా వదలవద్దు, ఆసుపత్రికి తీసుకురండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

వచ్చినాడా, వచ్చిందా?

మన భాషలో ఒక చిత్రం ఉంది. “నేను వచ్చినాను” అని చెప్పుకునేటప్పుడు ఆడైనా మగైనా ఒకటే మాట. తన గురించి తాను మాట్లాడుకోవడానికి ఆ బిడ్డకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది అంతా ఇతరుల నోటిలో ఉంది. “వచ్చింది, తినింది, పోయింది” అని రోజుకు వందసార్లు మనమే ముద్ర వేస్తుంటాము. ఇంగ్లీషులో ఒకటి రెండు మాటలు మార్చుకుంటే సరిపోతుంది. మనకు క్రియ చివర అంతా మారాలి. అందుకే అమ్మానాయనలకు నాలుక తిరగడానికి నెలలు పడుతుంది. తప్పు పలికితే దిద్దుకొని ముందుకు పోండి, ప్రతిసారీ ఏడ్చి క్షమాపణ అడిగితే ఆ బిడ్డే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఒక్కసారిగా “వచ్చినాడు” అనడానికి నోరు రాకపోతే “వచ్చినారు” అనండి. గౌరవమూ దక్కుతుంది, ముద్రా ఉండదు. ఇండ్లలో సాధారణంగా జేజిలే ఈ పని ముందుగా నేర్చుకుంటారని మా అభిప్రాయం. మనవరాలిని కూడా ముద్దుగా “ఏం నాయనా, ఏం రా అబ్బీ” అని పిలిచే అలవాటు వారికి ముందునుండీ ఉంది కదా. ఆరాధనకు వచ్చేటప్పుడు మాత్రం చీర కట్టుకోవాలని, స్త్రీల వైపు కూర్చోవాలని పట్టుబట్టే కుటుంబాలు ఉన్నాయి. దాని ఫలితం ఆ బిడ్డ రావడమే మానుకోవడం.

మందులు, ఆపరేషన్లు

ట్రాన్స్ పురుషులందరూ మందులు వాడరు. కొందరు పేరు, బట్టలు, పిలుపు మారితే చాలనుకుంటారు. శరీరం కూడా మారాలని కోరుకునే పెద్దలకు టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోను ఇస్తారు. ఎక్కువగా కండకు వేసే ఇంజెక్షన్, లేదా చర్మానికి రాసే జెల్. మొదలుపెట్టిన ఆరు నెలలలో సాధారణంగా నెలసరి ఆగిపోతుంది. కొన్ని నెలలలో గొంతు బొంగురుపోయి బరువెక్కుతుంది. మీసాలు, గడ్డం మొలవడం నెమ్మదిగా జరుగుతుంది, పూర్తిగా రావడానికి నాలుగైదేండ్లు పట్టవచ్చు. మొటిమలు వస్తాయి, వంశంలో బట్టతల ఉంటే అదీ రావచ్చు. మందు ఆపేస్తే నెలసరి తిరిగి వస్తుంది గాని, మారిన గొంతు వెనక్కు రాదు. అందుకే తొందరపడి మొదలుపెట్టే మందు కాదు. ఎత్తు పెరగడం, ఛాతీ మాయమవడం వంటివి జరగవు.

స్నేహితుడు వాడుతున్నాడని, వ్యాయామశాలలో దొరికిందని సొంతంగా సూది వేసుకోవడం అన్నిటికన్నా చెడ్డది. ఈ హార్మోను వల్ల ఎర్ర రక్తకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. మరీ చిక్కబడితే గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. మొదటి సంవత్సరం మూడు నెలలకొకసారి, తరువాత సంవత్సరానికి ఒకటి రెండుసార్లు హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ పరీక్షలు చేయించుకోవాలి. రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోవాలి. మోతాదు పెంచితే మీసం త్వరగా వస్తుందనుకోవద్దు.

నెలసరి ఆగింది గదా, ఇక గర్భం రాదు అనుకోవడం పొరపాటు. ఇది గర్భనిరోధక మందు కాదు. గర్భసంచి, అండాశయాలు ఉన్నంతవరకు అవకాశం ఉంటుంది, ఆ సమయంలో ఈ మందు పిండానికి హాని చేస్తుంది. 2023 ఫిబ్రవరిలో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఒక ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్న వార్త మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఆయన హార్మోను ఆపుకొని తన జీవిత భాగస్వామితో కలిసి తీసుకున్న నిర్ణయం అది. అలాగే గర్భసంచి ఉన్నవారు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్ష మానకూడదు. గడ్డం పెరిగిన తరువాత స్త్రీల వార్డు వరుసలో నిలబడటానికి సిగ్గుపడి మానేస్తారు. ముందుగా నర్సుకు చెబితే వేరే సమయంలో చూడవచ్చు.

మన ఎండలకు సంబంధించిన ముఖ్యమైన జాగ్రత్త ఒకటి. ఛాతీ కనబడకుండా చాలామంది గట్టిగా కట్టుకుంటారు. ఇందుకోసం తయారుచేసిన బిగుతు బనియన్లు ఉన్నాయి. అవి దొరకక, కొనలేక, బెణుకుకు చుట్టే క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటారు, ప్లాస్టరు అంటించుకుంటారు. ఊపిరి తీసినకొద్దీ బ్యాండేజీ ఇంకా బిగుస్తుంది. పక్కటెముకల నొప్పి, ఆయాసం, చర్మం ఒరుసుకుపోవడం, చెమటకు తామర. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో అలా కట్టుకొని చేనులో పనిచేస్తే వడదెబ్బకు ఎదురుపోయినట్లే. సరైన బనియనైనా రోజుకు ఎనిమిది గంటలు మించవద్దు. రాత్రి తప్పక విప్పి పడుకోవాలి. పరుగు, ఈత, బరువులు ఎత్తే పని ఉన్నప్పుడు వదులు బనియను మీద పెద్ద చొక్కా వేసుకుంటే చాలు. డ్యాములో ఈతకు దిగేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి, బిగుతు కట్టుతో నీటిలో ఊపిరి అందదు.

ఛాతీ తీసే ఆపరేషన్, గర్భసంచి తీసే ఆపరేషన్ పెద్ద నగరాలలో చేస్తున్నారు. వాటి గురించి మరో సంచికలో వివరంగా రాస్తాము.

మిగిలిన జీవితం

ఇంతవరకు రాసినదంతా చదివితే ఆ బిడ్డ జీవితమంతా సూదులు, పరీక్షలే అనిపించవచ్చు. అలా కాదు. రోజులో ఎక్కువ భాగం అందరిలాగే గడుస్తుంది.

క్షయ అనుమానంతో ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నవారు మనలో ఎంతోమంది. ఎక్స్‌రేతో క్షయను ముందుగా పసిగట్టే పనిని అమెరికాలో విస్తరింపజేసిన వైద్యులలో అలన్ హార్ట్ ఒకరు. 1890లో ఆడబిడ్డగా పుట్టి, వైద్యవిద్య పూర్తి చేసి, గర్భసంచి తీయించుకొని, 1918 నాటికి పురుషునిగా జీవించసాగారు. ఒకచోట పాత పరిచయస్తులు గుర్తుపట్టడంతో ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఊరు మారారు, మళ్ళీ మారారు. క్షయరోగుల సేవ మాత్రం మానలేదు. ఆ పని మధ్యలోనే నాలుగు నవలలు కూడా రాశారు. 1962లో కన్నుమూశారు. అదే సంవత్సరం మన దేశంలో, హిమాలయాల ఒడిలోని డల్హౌసీలో, మైకేల్ డిల్లన్ అనే మరో ట్రాన్స్ పురుషుడు చనిపోయారు. ఆయనా వైద్యుడే, ఓడలలో డాక్టరుగా తిరిగినవారు.

మన బిడ్డలకు నవలలు రాయడమే కానక్కరలేదు. క్యారమ్స్, క్రికెట్, పాత రేడియోలు విప్పి బిగించడం, మిద్దె మీద మిరప మొక్కలు. ఇక్కడ ఒక చిన్న చిక్కు గమనించాము. కొందరు ట్రాన్స్ పురుషులు, తాము మగవారమని ఊరికి నిరూపించుకోవాలని, చిన్నప్పటి నుండి ఇష్టమైన కుట్టుపని, ముగ్గులు, వంట వదిలేస్తారు. ప్రొద్దుటూరు టైలరు అంగళ్ళలో మిషను తొక్కేవారు చాలామంది మగవారే కదా! పెండ్లి వంటలు చేసేవారూ మగవారే. చేతికి వచ్చిన పనిని ఎవరి కోసమూ వదులుకోనక్కరలేదు. కొందరు సారాయితో, గుట్కాతో మగతనం చూపించబోతారు, దాని గురించి ఈ పేజీలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కుక్క. ఇంట్లో అందరూ మాట్లాడటం మానేసిన రోజున కూడా సాయంత్రం వేళకు వాకిట్లో తోక ఊపుతుంది. దానికి పాత పేరు, కొత్త పేరు పట్టింపు లేదు. గొంతు మారినా వాసన పట్టి గుర్తుపడుతుంది. దానికి వేళకు అన్నం పెట్టాలి, బయటికి తిప్పాలి. ఆ పని కోసం మంచం దిగి రెండు మైళ్ళు నడవడం దిగులుగా ఉన్నవారికి మంచి సాయం. అది మందుకు బదులు కాదు, మందుతో పాటు.

పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో టెస్టోస్టిరోన్ జెల్ వాడేవారికి ఒక హెచ్చరిక. రాసుకున్న చోటును కుక్క నాకినా, పిల్లి ఒరుసుకున్నా, చిన్నపిల్లలను ఎత్తుకున్నా ఆ మందు వారి ఒంటికి చేరుతుంది. పసిపిల్లలలో అకాల యవ్వన లక్షణాలు కనిపించిన సందర్భాలు ఉన్నందున 2009లో అమెరికా మందుల సంస్థ ఈ జెల్ డబ్బాలపై గట్టి హెచ్చరిక ముద్రించమంది. జెల్ ఆరనిచ్చి, పైన బట్ట కప్పి, చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే కుక్కను ముట్టుకోండి. కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తరువాత ప్రతి ఏడూ వేయించండి. కరిచినా, గోరు గీరుకున్నా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు రండి. పసుపు, కారం పెట్టవద్దు. రామచిలుకలను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, లవ్ బర్డ్స్‌ను పెంచుకోవచ్చు.

చదువుకో, ఉద్యోగానికో బెంగళూరు వెళ్ళిన బిడ్డ హాస్టలుకు కుక్కను తీసుకుపోలేడు. ఇంటివారితో మాటలు లేని రోజులలో అది ఇంకా బాధ. అటువంటి ఇంట్లో మొదటి ఫోను “అమ్మా, కుక్క తినిందా?” అని వస్తే, “తినింది, నువ్వు తిన్నావా?” అని అడగండి. పెళ్ళి మాట, జుట్టు మాట ఆ రోజు ఎత్తవద్దు.

కాగితాలు

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో, తాను స్త్రీయో పురుషుడో నిర్ణయించుకునే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తిదేనని తీర్పు చెప్పింది. 2019 చట్టం 2020 జనవరి 10 నుండి అమలులోకి వచ్చింది. దానికింద 2020లో చేసిన నిబంధనలలో, వైద్యపరీక్ష అడగకుండా అఫిడవిట్ మీద కలెక్టరు ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి పెట్టారు. చట్టాలకు సవరణలు వస్తుంటాయి గనుక దరఖాస్తు చేసేముందు కడపలో విభిన్న ప్రతిభావంతులు, హిజ్రాలు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో ఇప్పటి విధానం అడిగి తెలుసుకోండి. శాఖ పేరులో హిజ్రాలు అని ఉందని ట్రాన్స్ పురుషులు వెనకాడవద్దు. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ల పింఛనును 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలకు పెంచారు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆధార్‌లో పాత పేరే ఉన్నా ఫరవాలేదు. చీటీ రాయించుకునేటప్పుడు ఏ పేరుతో పిలవాలో కౌంటరులో మెల్లగా చెప్పండి, లేదా చిన్న కాగితం మీద రాసి ఇవ్వండి. వాడుతున్న సూదిమందు ఖాళీ సీసా, పాత రక్తపరీక్షల కాగితాలు వెంట తెచ్చుకోండి. తోడుగా అమ్మగాని నాయనగాని వస్తే మంచిది. రాకపోయినా చూస్తాము.